గింజల పొడి బాగానే ఉంది, ప్యాకెట్టులో పెట్టిన కార్డే మింగుడు పడలేదు

ఆన్‌లైన్‌లో హెంప్ గింజలు తెప్పించా. పావు కిలో ప్యాకెట్టు 449 రూపాయలు, డెలివరీకి 60, మొత్తం 509. వాడడం మొదలుపెట్టి పది రోజులైంది, రివ్యూ రాయండి సార్ అని కంపెనీవాళ్ళు ఇప్పటికి నాలుగు మెసేజీలు పెట్టారు. వాళ్ళ పేజీలో రెండు లైన్లకు మించి పట్టడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. కంపెనీ పేరు రాయను. గింజల్లో మోసం లేదు, నా గొడవంతా వేరే దాని మీద, దానికి పేరెత్తి రచ్చ చేయడం నాకిష్టం లేదు.

హెంప్ అంటే గంజాయి జాతి మొక్కే. మత్తు లెక్కలోకి రానంత తక్కువగా ఉండే రకాలు. ఉత్తరాఖండ్‌లో కొండ ఊళ్ళవాళ్ళు ఈ గింజల్ని వేయించి చట్నీ నూరుకుంటారు, అక్కడది ఎప్పటి నుంచో ఉన్న తిండి. నాకెందుకు అవసరమొచ్చిందంటే, షుగరు గీత మీద ఉంది, డాక్టరు అన్నం తగ్గించి ప్రొటీన్ పెంచమన్నారు, మా పక్క షాపు పిల్లోడు జిమ్ముకు పోతాడు, వాడు ఈ లింకు పంపించాడు. నాది అనంతపురం కోర్టు రోడ్డులో జిరాక్స్, డీటీపీ షాపు. 19 ఏళ్ళుగా వకాలత్‌లు, బెయిలు పిటిషన్లు, అఫిడవిట్లు టైపు చేయడమే నా పని. ఎన్‌డీపీఎస్, అంటే మత్తుపదార్థాల చట్టం, ఆ మాట వారంలో ఎన్నిసార్లు కొడతానో లెక్క లేదు.

పార్సిల్ షాపుకే వచ్చింది. మా అక్క కొడుకు నా దగ్గరే పని చేస్తాడు, బ్లేడుతో టేపు కోసి ప్యాకెట్టు బయటకు తీసింది వాడే. మీద రాసింది చదివాడు. చదివి, ఏదో వేడిది పట్టుకున్నట్టు టేబుల్ మీద నా వైపుకు తోసేశాడు.

"మామా, ఇది షాపులో పెట్టద్దు. ఇంటికి కూడా తీసుకపోవద్దు."

వాడికి చెప్పా. 1985 నాటి ఆ ఎన్‌డీపీఎస్ చట్టంలోనే గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు అని రాసి ఉందిరా, ఆ కొనలు కలవకుండా ఉత్త గింజలు, ఉత్త ఆకులు ఉంటే అవి గంజాయి కిందికి రావు. పైగా 2021 నవంబరులో తిండి సరుకులకు రూళ్ళు పెట్టే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళు ఈ గింజలు, నూనె, పిండి ఆహారంగా అమ్ముకోవచ్చని రూలు పెట్టారు, గింజల్లో టీహెచ్‌సీ, అంటే మత్తెక్కించే పదార్థం, కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇదిగో లైసెన్సు నంబరు. వాడు అంతా విని, "నీకు తెలుసు మామా, చెక్‌పోస్టులో నిలబడినోడికి తెలియాల కదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

సరే, ముందు గింజల సంగతి చూద్దాం, దానికే కదా డబ్బులిచ్చింది. ధనియాల కంటే చిన్నవి, నున్నగా, బూడిద రంగు మీద సన్నని ముదురు గీతలు. పొట్టు తీయనివి తెప్పించా, పొట్టు తీసినవి ఇంకా ఖరీదు. పచ్చివి నోట్లో వేసుకుంటే పొట్టు పళ్ళలో ఇరుక్కుంటుంది, లోపలి పప్పు మాత్రం కమ్మగా ఉంటుంది, పచ్చి బాదంకూ నువ్వులకూ మధ్య ఉండే రుచి. ప్యాకెట్టు మీద స్మూతీలో వేసుకోమని రాశారు. మా ఇంట్లో స్మూతీ అనే వంటకం లేదు కాబట్టి మా ఆవిడ పొడి చేసింది. బాణలిలో సన్న మంట మీద వేయిస్తే ఆవాల లాగా చిటపటమంటాయి, ఒకటి రెండు ఎగిరి బయట పడతాయి, మూత పెట్టుకోండి. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు వేసి మిక్సీలో ఒకే దెబ్బలో తిప్పేసింది, అక్కడ దెబ్బతిన్నాం. నూనె ఎక్కువున్న గింజ, ఆపకుండా తిప్పితే పొడి కాస్తా జారు అంచులకు ముద్దలా అంటుకుంటుంది. తినేటప్పుడు పొట్టు ఇసుకలా కరకరమంది.

రెండోసారి సగం వంతు వేయించిన బుడ్డలు, అంటే వేరుశనగలు, కలిపి, ఆపి ఆపి తిప్పింది. అది కుదిరింది. జొన్నరొట్టెకు బాగుంది, ఉగ్గాని మీద చల్లుకుంటే ఇంకా బాగుంది. మిగిలిన వాటితో టమేటా వేసి ఊరిబిండి నూరింది, రుచికి వంక లేదు గానీ రంగు చూస్తే వాన పడ్డ మర్నాడు రోడ్డు మీది బురద గుర్తొస్తుంది, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు పెట్టేది కాదు.

ప్రొటీన్ లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే అమ్ముతున్నది దాని పేరు చెప్పే. పొట్టు తీయని గింజల్లో నూటికి 25 గ్రాముల దాకా ఉంటుంది. మన బుడ్డల్లోనూ దాదాపు అంతే. ఒమేగా-3 బుడ్డల్లో ఉండదు, వీటిలో ఉంటుంది, ఒప్పుకుంటా, కానీ అది అవిసె గింజల్లో ఇంతకంటే ఎక్కువ, ధర చూస్తే దీని పక్కన పెట్టడానికి లేదు. బుడ్డల జిల్లాలో కూర్చుని 509 రూపాయలు పెట్టి పావు కిలో గింజలు కొన్నందుకు మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

ఇప్పుడు కార్డు సంగతి. ప్యాకెట్టుతో పాటు దళసరి కాగితం కార్డు ఒకటి వచ్చింది, పెళ్ళిపత్రిక అంత బాగుంది, అంతా ఇంగ్లీషే. దాని భావం ఏందంటే, ఈ మొక్కను నేరంగా మార్చినందువల్ల ఎన్నో బతుకులు చెడిపోయాయి, ఆ గాయాలు మాన్పే ప్రయాణంలో మీరు కూడా మాతో చేరారు, ధన్యవాదాలు. కింద క్యూఆర్ కోడ్. స్కాన్ చేశా. మొలక బొమ్మ ఒకటి, రెండు పేరాలు, ఆ కింద 'ఇప్పుడే కొనండి' బటను. ఎవరి గాయం, ఎంత డబ్బు, ఎవరికిచ్చారు, ఒక్క ముక్క లేదు.

మామూలుగా అయితే ఇట్లాంటి కార్డు చెత్తబుట్టలో వేసి మరిచిపోతా. కానీ దాన్ని చదివేటప్పుడు పక్కన నిలబడి ఉన్నది మా అక్క కొడుకు.

వాడి కథ చెప్తా. ఐదేళ్ళ కిందట, ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. స్నేహితుడి బండి వెనక కూర్చుని వస్తుంటే ఆపారు, బండి సైడు బాక్సులో 140 గ్రాముల గంజాయి దొరికింది. ప్యాకెట్టు ఆ స్నేహితుడిది. మావాడికి తెలుసా అంటే, తెలుసు, అబద్ధం రాయను. చట్టం ప్రకారం కిలో దాకా చిన్న మోతాదు, 20 కిలోలు దాటితే వాణిజ్య మోతాదు. 140 గ్రాములకు బెయిలు ఇబ్బంది కాదన్నారు, అయినా సెలవులు, పూచీకత్తులు, కాగితాలు అని రెడ్డిపల్లి జైల్లో తొమ్మిది రోజులున్నాడు. ఆ తర్వాత వాయిదాలు. మూడేళ్ళలో పద్నాలుగు వాయిదాలు తిరిగాక లాయరు చెప్పాడు, ఎన్నాళ్ళు తిరుగుతావు అప్పా, ఒప్పుకో, జరిమానాతో పోతుంది. అక్కకు అది దేవుడి మాటలా వినిపించింది. 5,000 జరిమానా కట్టాం, సంతోషంగా పోయి తలా ఒక చెరుకురసం తాగాం. ఆ ఒప్పుకోలు కాగితం టైపైంది నా షాపులోనే, నా చేత్తోనే, ఒక్క అక్షరం తప్పు లేకుండా.

జరిమానా కట్టడమంటే శిక్ష పడినట్టే అన్న సంగతి అప్పుడు మా బుర్రకెక్కలేదు. ఆరు నెలల తర్వాత బెంగుళూరులో ఉద్యోగమొచ్చింది, ఆఫర్ లెటరు కూడా వచ్చింది, తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అన్నారు, ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. ఇంకో చోట కూడా అంతే. మూడోసారి వాడే అప్లై చేయలేదు.

రోజూ ఇవే కాగితాలు కొట్టే నాకు కూడా తర్వాతే తెలిసినది ఇంకొకటుంది. మొదటిసారి తప్పు చేసినవాళ్ళను మంచి నడవడిక మీద వదిలిపెట్టే ప్రొబేషన్ చట్టం మనకుంది. గంజాయి కేసుల్లో ఆ తలుపు దాదాపు మూసేశారు, 18 ఏళ్ళ లోపు వాళ్ళకు, ఇంకా 26, 27 సెక్షన్ల కింద కేసున్న వాళ్ళకు తప్ప. 27 అంటే తాగినందుకు పెట్టేది. మావాడి మీద పెట్టింది 20, దగ్గర ఉంచుకున్నందుకు. అంటే వాడు తాగి దొరికి ఉంటే ఆ తలుపు తట్టడానికైనా ఉండేది, తాగకుండా దొరికాడు కాబట్టి లేదు! పెద్దవాళ్ళకు ఒకసారి శిక్ష పడ్డాక కొన్నేళ్ళకు ఆ రికార్డు చెరిపేయండి అని అడిగే పద్ధతే మన దగ్గర లేదు. పిల్లలకైతే బాలల న్యాయ చట్టంలో ఉంది. 21 ఏళ్ళవాడు పిల్లోడు కాడు కదా.

గంజాయి మంచిదని నేను రాయడం లేదు, అట్ల అర్థం చేసుకుని కింద తిట్టడానికి రావద్దు. దానికి పడి చదువు మానేసిన పిల్లల తల్లులు మా షాపు బెంచీ మీద కూర్చుని ఏడ్చి పోయారు. పాడేరు, చింతపల్లి వైపు తోటల మీద 2021లో ఆపరేషన్ పరివర్తన అని పెద్ద దాడి చేశారు, మరుసటి ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలు కాల్చారు, అది చేయాల్సిన పని కాదని నేననను. కానీ సంచులు మోసిన వాళ్ళూ, బండి వెనక కూర్చున్న వాళ్ళే నా కీబోర్డు మీదికి వస్తారు. తోట పెట్టించిన వాడి పేరు 19 ఏళ్ళలో నేను టైపు చేసినట్టు గుర్తు లేదు.

సరే, ఈ కార్డు మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దామని రెండు రాత్రులు కూర్చుని చదివా. అమెరికా నుంచి వచ్చాయి. అక్కడ ఆ మాటలకు అర్థం ఉంది. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ గంజాయి తాగేది ఇంచుమించు సమానంగానే అయినా, నల్లవాళ్ళను పట్టుకోవడం మూడున్నర రెట్ల పైనే అని ఏసీఎల్‌యూ అనే హక్కుల సంస్థ 2020లో లెక్క తేల్చింది. అందుకని అమ్మకం చట్టబద్ధం చేసిన కొన్ని రాష్ట్రాలు, నిన్నటి దాకా ఎవర్ని జైల్లో పెట్టామో వాళ్ళకు కూడా ఇందులో వాటా ఉండాలి అని చట్టంలోనే రాసుకున్నాయి. ఇల్లినాయిలో 2020 జనవరి 1న షాపులు తెరిచారు, దానికి ముందు రోజు అక్కడి గవర్నరు ప్రిట్జ్‌కర్ 11,017 మందికి చిన్న చిన్న గంజాయి కేసుల్లో క్షమాభిక్ష పెట్టారు. తేదీలు చూడండి, ముందు రోజు! గంజాయి మీద వచ్చే పన్నులో ఖర్చులు పోను నాలుగో వంతు, ఆ కేసులతో దెబ్బతిన్న పేటలకే పోవాలి.

న్యూయార్క్‌వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. 2021 చట్టంలో ఖర్చులు పోను పన్నులో 40 శాతం అట్లాంటి పేటలకు రాశారు, చిల్లర దుకాణాల మొదటి లైసెన్సులు గంజాయి కేసుల్లో శిక్ష పడిన వాళ్ళకూ వాళ్ళ కుటుంబాలకూ, వాళ్ళతో పని చేసే స్వచ్ఛంద సంస్థలకూ ఇచ్చారు. 2022 డిసెంబరు 29న తెరిచిన మొదటి షాపు హౌసింగ్ వర్క్స్ అనే సంస్థది, ఎయిడ్స్ ఉండి ఇల్లూ వాకిలీ లేని వాళ్ళ కోసం మొదలైన సంస్థ అది. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా అక్క ఏ కాగితాన్నైతే బీరువాలో చీరల అడుగున దాచిందో, అక్కడ అదే కాగితం లైసెన్సు దరఖాస్తుకు జత చేయాలి.

అంతా బంగారమని కాదు. న్యూయార్క్‌లో ఆ లైసెన్సుల మీద కోర్టు కేసులు పడి నెలల తరబడి ఆగిపోయాయి, ఈలోగా వీధికొక దొంగ షాపు తెరిచారు. కేంద్ర చట్టంలో గంజాయి ఇంకా నేరమే కాబట్టి బ్యాంకులు అప్పు ఇవ్వడానికి వెనకాడతాయి. అప్పు లేకపోతే జైలు నుంచి వచ్చినోడి దగ్గర షాపు పెట్టేంత డబ్బు ఎక్కడిది? డబ్బున్నవాడు వచ్చి నీ పేరు పెట్టు, పెట్టుబడి నాది అంటాడు. బినామీ అంటే ఏందో మన జిల్లాల్లో ఎవరికీ వివరించే పని లేదు. అయినా అక్కడ కనీసం అడగడానికి ఒక అంకె ఉంది. లాస్ట్ ప్రిజనర్ ప్రాజెక్ట్ అని 2019లో పెట్టిన సంస్థ ఒకటి, గంజాయి కేసుల్లో ఇంకా లోపలున్న వాళ్ళ కోసం పని చేస్తుంది. కొన్ని షాపుల్లో బిల్లు కట్టేటప్పుడు చిల్లరను పై డాలరుకు సర్ది మిగిలింది వాళ్ళకిస్తారు. చిల్లరే కావచ్చు, బిల్లులో కనిపిస్తుంది.

మన కార్డులో ఏం కనిపించింది? మొలక బొమ్మ.

కాబట్టి కస్టమర్ కేర్ చాట్ తెరిచి మర్యాదగానే మూడు ప్రశ్నలు అడిగా. ఒక ప్యాకెట్టు మీద ఎంత డబ్బు ఈ గాయాలు మాన్పడానికి పోతుంది, ఎవరికి పోతుంది, 140 గ్రాముల కేసులో 5,000 జరిమానా కట్టిన పిల్లోడు మీ గోడౌనులో ఉద్యోగానికి వస్తే తీసుకుంటారా. కాసేపు చుక్కలు ఆడాయి. "మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు సర్. ఆర్డరులో ఏదైనా డ్యామేజీ ఉందా?" లేదన్నా. మళ్ళీ అదే ప్రశ్న వేశా. ఈసారి 10 శాతం తగ్గింపు కూపన్ వచ్చింది. ఇంకోసారి అడిగితే, పై వాళ్ళకు పంపించాం సర్, 48 గంటల్లో చెప్తారు అన్నారు. ఆ అవతలున్న అమ్మాయో అబ్బాయో నెలకు ఎంతో కొంత జీతానికి కూర్చుని ఉంటారు, వాళ్ళను అనడానికి ఏం లేదు. 48 గంటలకు సరిగ్గా మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి.

చిన్న కంపెనీ, వాళ్ళ దగ్గర కోట్లు లేవని నాకు తెలుసు. ఎమ్మెల్యేలా ఊరంతా బాగు చేయమని నేను అడగడం లేదు. ప్యాకెట్టుకు ఒక్క రూపాయి అని రాసి, ఆ రూపాయి ఎక్కడికి పోయిందో రాస్తే నమ్ముతా. చిన్న మోతాదు కేసుంటే మేం పట్టించుకోం, రండి అని ఉద్యోగాల పేజీలో ఒక లైను పెడితే చాలు, పైసా ఖర్చు లేదు. ఇంకా సులభమైనది చెప్పనా, ఆ కార్డు వెనక వైపంతా ఖాళీ తెల్ల కాగితం. ఉచిత న్యాయ సహాయం నంబరు 15100 అక్కడ అచ్చు వేయొచ్చు, ఒప్పుకునే ముందు ఒకసారి ఫోన్ చేయండి అని రాయొచ్చు. అలవాటు పడినవాడు తనంతట తాను చికిత్సకు వస్తే, తాగిన కేసులోనూ చిన్న మోతాదు కేసులోనూ ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే 64ఏ సెక్షన్ ఒకటుందని కూడా రాయొచ్చు. ఐదేళ్ళ కిందట అట్లాంటి ముక్క మా చేతికొచ్చి ఉంటే అక్క ఆ రోజు చెరుకురసం తాగేది కాదు.

చెడింది బాగు చేయడమంటే ఏందో మా వైపు వాళ్ళకు తెలియదా? కర్నూలు జిల్లాలో కప్పట్రాళ్ల అంటే ఒకప్పుడు ఫ్యాక్షన్ పేరు. ఆకె రవికృష్ణ గారు కర్నూలు ఎస్పీగా ఉన్నప్పుడు, కేసులతోనే సరిపెట్టకుండా ఆ ఊరిని దత్తత తీసుకున్నారు. 2024లో గంజాయి మీద ఈగల్ అనే విభాగం పెట్టినప్పుడు దానికి అధిపతిగా వచ్చింది కూడా ఆయనే, దాని ఫోన్ నంబరు 1972. పట్టుకునే పని ఎట్లాగూ జరుగుతుంది, జరగాలి. కప్పట్రాళ్లకు దొరికిన రెండో అవకాశం, బండి వెనక కూర్చున్న పిల్లోడికి ఎవరిస్తారో నాకు తెలియదు, 449 రూపాయల గింజల కంపెనీ మాత్రం ఇస్తానని కార్డు కొట్టించింది.

రేటింగు అడిగారు కాబట్టి చెప్తున్నా. గింజలకు ఐదులో మూడున్నర. ప్యాకింగుకు నాలుగు, జిప్పు గట్టిది, చీమ దూరదు. ధరకు ఒకటి. కార్డుకు సున్నా ఇద్దామనుకున్నా, కాగితం మంచిదని అర ఇచ్చా, టీ గ్లాసు కింద పెట్టుకుంటున్నా.

కొనేవాళ్ళకు రెండు మాటలు. ప్యాకెట్టు విప్పాక ఫ్రిజ్‌లో పెట్టండి, మన ఎండకు బయట ఉంచితే నూనె ముక్క వాసన కొడుతుంది, నావి వారానికే కొంచెం మొదలైంది. పొడి చేస్తే బుడ్డలు సగం కలపండి, ఆపి ఆపి తిప్పండి. బస్సులోనో రైల్లోనో తీసుకుపోతుంటే బిల్లు పక్కన పెట్టుకోండి, లేబుల్ చింపద్దు, ఈ చివరిది మావాడి సలహా. మా ఇంట్లో పొడి డబ్బా సగానికి వచ్చింది. వాడు మధ్యాహ్నం నాతోనే కూర్చుని తింటాడు, డబ్బా నా వైపు జరిపి, పచ్చడి సీసా తన వైపు లాక్కుంటాడు.